బావ ఫ్రేముకు అద్దాలు: నా మూడో కళ్లజోడు

ఇంతకుముందు నేను బిగించిన రెండు జతలూ చదువుకునే అద్దాలే, సిలిండర్ (ఒక దిశలో మాత్రమే ఉండే అదనపు పవర్) లేదు, పెద్ద కష్టం కాలేదు. ఈసారి బావ వాళ్ల నాన్నగారి మందపాటి గోధుమరంగు ఫ్రేము. పవర్ మైనస్ 4.50, సిలిండర్ మైనస్ 1.25, యాక్సిస్, అంటే ఆ సిలిండర్ కోణం, 170 డిగ్రీలు, రెండు కళ్లకీ అంతే. "జాగ్రత్తరా, ఇలాంటిది మళ్లీ దొరకదు" అని బావ చేతిలో పెట్టగానే టెన్షన్ మొదలైంది.

మా పర్లాకిమిడిలో నాకు తెలిసిన షాపులో అద్దం కోసే మిషన్ లేదు, ట్రేసర్ మాత్రం ఉంది. ఫ్రేము లోపలి గాడి వెంబడి దాని సూది చుట్టూ తిరిగి షేపు రాసుకుంటుంది. ఆ ఫైలు విశాఖపట్నం ల్యాబ్‌కి వెళ్తుంది. అక్కడ కోసిన అద్దాలు పార్సిల్‌లో వస్తే బిగించడం నా పని.

ఫ్రేము మీద 48, 20 అని ఉంది, అంటే అద్దం వెడల్పు, ముక్కు దగ్గర రెండు అద్దాల మధ్య దూరం, మిల్లీమీటర్లలో. కలిపితే 68, అందులో సగం 34. బావ పీడీ, అంటే ముక్కు మధ్య నుంచి కంటిపాప మధ్యకు దూరం, కుడి కంటికి 30.5, ఎడమ కంటికి 31.5. అంటే కుడి అద్దం కేంద్రం ముక్కు వైపు 3.5 మిల్లీమీటర్లు, ఎడమది 2.5 జరగాలి. మొత్తం 62 అని రాసి సగం చేసి ఉంటే చెరో కంటికీ అర మిల్లీమీటరు తప్పేది. ఫ్రేము షేపులో కేంద్రం నుంచి దూరపు అంచుకు రెట్టింపు 52. దానికి 3.5కి రెట్టింపు 7 కలిపి, 2 మార్జిన్ వేసుకుంటే 61. కాబట్టి 65 బ్లాంకు, అంటే ఇంకా కోయని గుండ్రటి అద్దం, సరిపోయింది.

తప్పు నాదే జరిగింది. ముందు ట్రేస్ చేయించి, ఆ తర్వాత ఇంట్లో బాణలిలో ఉప్పు వేడి చేసి ఫ్రేము వంకర తీశాను. అద్దాలు వచ్చాక చూస్తే కుడివైపు పైమూలలో వెంట్రుకంత సందు. వంకర తీసినప్పుడు షేపు కొద్దిగా మారిపోయింది మరి. పెద్దదైతే మళ్లీ అరగదీయొచ్చు, చిన్నదైతే చేసేదేమీ లేదు. కుడి అద్దం డబ్బు పోయింది, వారం రోజులు కూడా.

రెండోసారి ముందు ఫ్రేము చక్కబరిచి, బావ ముఖానికి పెట్టి, చెవుల దగ్గర కాడలు వంచి, అప్పుడే ట్రేసర్‌కి ఇచ్చాను. కుడి అద్దం కొంచెం పెద్దగానే కోయమని ల్యాబ్‌కి చెప్పాను.

బిగించే ముందు మా అబ్బాయి గ్రాఫు పుస్తకంలో ప్లస్ గుర్తు గీసి, అద్దాన్ని పైన పట్టుకుని చూశాను. సిలిండర్ ఉంది కదా, గీతలు ముందు కత్తెరలా విడిపోయాయి. మెల్లగా పది డిగ్రీలు తిప్పగానే తిన్నగా కలిసిపోయాయి. యాక్సిస్ సరిగ్గా ఉందన్న నమ్మకం అక్కడే కుదిరింది. కేంద్రం దగ్గర మార్కరుతో చుక్క పెట్టుకున్నాను.

ఉప్పులో రిమ్ము వేడెక్కాక బయటి మూల ముందు గాడిలో పెట్టి, బొటనవేలితో ముక్కు వైపు నొక్కితే టక్కుమని కూర్చుంది. ఎడమది అంతకుముందే సరిపోయింది. చుక్కల మధ్య దూరం స్కేలు పెట్టి కొలిచాను, 62. బావ పెట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి, ఎదురింటి గోడ మీద నంబరు చదివాడు.