గృహప్రవేశం నాడు కొండెక్కిన కొవ్వొత్తి

నిన్న రాత్రి పదకొండున్నరకు, వరుసగా మూడు గంటలు వెలిగిన గ్లాసు కొవ్వొత్తిలో కరిగిన మైనం నలువైపులా అంచును తాకింది. స్కేలు పెట్టి కొలిస్తే లోతు సెంటీమీటరుకు కొంచెం తక్కువగా ఉంది, గ్లాసు మూతి దగ్గర మసి లేదు, హాలంతా మల్లెపూల వాసన పరుచుకుని ఉంది. గ్లాసు కొవ్వొత్తి సరిగ్గా మండుతోందనడానికి ఇవే గుర్తులు. ఈ మాత్రం దృశ్యం కోసం దాదాపు మూడు నెలలు పడిన పాట్లను మరిచిపోకముందే రాసిపెట్టాలని కూర్చున్నాను. ఇంట్లో గ్లాసు కొవ్వొత్తులు పోయాలనుకునే మన విజయవాడ, గుంటూరు వాళ్ళకు ఇది పనికొస్తుంది, ఎందుకంటే చల్లని దేశాల వాళ్ళు చెప్పే సలహాల్లో సగం మన వైశాఖమాసపు ఎండ ముందు నిలబడవు.

నేను 24 ఏళ్ళుగా ఇంటర్మీడియట్ పిల్లలకు రసాయనశాస్త్రం చెబుతున్నాను. గొప్ప కోసం చెప్పడం లేదు. జరిగిన పరాభవం ఎంత లోతుదో తెలియాలంటే ఈ సంగతి ముందుగా తెలియాలి.

మైనం కరిగించడం సులువే. పెద్ద గిన్నెలో నీళ్ళు కాచి, అందులో చిన్న గిన్నె పెట్టి, దానిలో సోయా నూనెతో చేసే సోయా మైనం వేస్తే చాలు, ప్రయోగశాలలో వాడే 110 డిగ్రీల థర్మామీటరు చేతిలో ఉన్నవాళ్ళకు ఇంకా సులువు. 80 డిగ్రీల దగ్గర సువాసన నూనె పోసి రెండు నిమిషాలు నిదానంగా కలపాలి, 60కి దిగాక గ్లాసుల్లో పోయాలి. పొయ్యి మీద మైనం ఉండగా ఫోను మోగిందని పక్క గదిలోకి వెళ్ళే వాళ్ళు ఈ పనికి దిగకపోవడమే మంచిది. మైనం అంటుకుంటే నీళ్ళు పోయకూడదని, మూత పెట్టి గాలి అందకుండా చేయాలని మా పిల్లలకు ఏటా చెబుతాను, ఏటా సగం మంది పరీక్షలో నీళ్ళు అనే రాస్తారు.

మైనం గడ్డకట్టాక పైన తెల్లని పువ్వుల్లాంటి మచ్చలు వచ్చాయి. దానిని ఫ్రాస్టింగ్ అంటారట. చలికాలంలో పేరుకున్న కొబ్బరినూనెలో కనిపించే గరుకుదనం లాంటిదే, సోయా మైనానికి సహజం, మంటకు దానితో నష్టం లేదు. గ్లాసు గోడ దగ్గర తడిసినట్టు కనిపించే మరకలు కూడా అంతే. మైనం చల్లారుతూ కుంచించుకుని గాజును వదిలేసిన చోట అలా కనిపిస్తుంది. పోసే ముందు గ్లాసులను కాస్త వెచ్చబెడితే తగ్గుతుంది. ఈ రెండింటి కోసం నేను రెండు వారాలు వృథా చేశాను. ప్రాణం తీసే జబ్బు వత్తిలో ఉండగా, నేను చర్మం మీది మచ్చలకు మందు రాస్తూ కూర్చున్నానన్నమాట.

వత్తుల సంగతికి వస్తే, అడుగున రేకు బిళ్ళ ఉన్న వత్తులు వంద కట్ట వన్‌టౌన్‌లో ఒక దుకాణంలో కొన్నాను. పొట్లం మీద ‘ఆరు అంగుళాలు’ అని తప్ప మరేమీ లేదు. పొడవు తెలిస్తే ఏం లాభం? ఎంత వెడల్పు గ్లాసుకు ఎంత లావు వత్తి కావాలన్నదే ప్రశ్న. అది అడిగితే ఆ దుకాణదారు, “అన్నిటికీ ఇదే మేడమ్, అందరూ ఇదే పట్టుకెళ్తారు,” అన్నాడు. పైగా వత్తి నడుమ సన్నని లోహపు తీగ ఉంది. సీసపు తీగ ఉన్న వత్తులను అమెరికాలో 2003లో నిషేధించారు, మండినప్పుడు ఆ సీసం గాలిలో కలుస్తుంది కనుక. తీగను బయటికి లాగి తెల్ల కాగితం మీద గీస్తే, సీసమైతే పెన్సిలుతో గీసినట్టు బూడిదరంగు గీత పడుతుంది. నా తీగ గీత గీయలేదు, బతికిపోయాను. కానీ ఆ పరీక్ష కొన్నవాళ్ళు చేసుకోవలసినది కాదు, అమ్మేవాళ్ళు చేయవలసినది.

ఇక సువాసన. మొదటి విడత మైనంలో నూటికి 8 పాళ్ళు మల్లె నూనె వేశాను. సోయా మైనం మామూలుగా 6 నుంచి 10 శాతం దాకా భరిస్తుంది. రెండో రోజే వెలిగించి చూస్తే వాసన అంతంతమాత్రంగా ఉంది. సోయా మైనంలో వాసన కుదురుకోవడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుందని, ఆవకాయను కలిపిన రోజే తిని ఉప్పు చాలలేదనడం ఎంత తెలివితక్కువతనమో ఇదీ అంతేనని నాకు అప్పుడు తెలియదు. నూనె అమ్మినాయనకు ఫోను చేస్తే, “ఇంకాస్త పొయ్యండి మేడమ్, తగ్గితే వాసనేం వస్తుంది?” అన్నాడు. నూనె అమ్ముకునేవాణ్ణి నూనె ఎంత పోయాలని అడగడం నా తప్పే. 12 శాతం చేశాను. అంతటితో ఆగకుండా, ఆ 12 శాతంతోనే గుంటూరులో మా ఆడపడుచు గృహప్రవేశానికి రిటర్న్ గిఫ్టులుగా 40 గ్లాసులు పోసిస్తానని మాటిచ్చాను. “మా వదిన సొంతంగా తయారు చేసింది” అని ఆమె ముందే ఊరంతా చెప్పుకుంది.

ముహూర్తం వైశాఖంలో. ముందురోజు మధ్యాహ్నం ఒంటిగంటకు, అట్టపెట్టెలను కారు డిక్కీలో పెట్టుకుని బయలుదేరాం. గుంటూరు ఎంతో దూరం లేదు, కానీ చేరాక సామాను దించే హడావిడిలో ఆ పెట్టెలు సాయంత్రం దాకా ఎండలో నిలిపిన కారులోనే ఉండిపోయాయి. గ్లాసుల్లో పోయడానికి అమ్మే సోయా మైనం 50 డిగ్రీల చుట్టుపక్కలే కరుగుతుంది. బయటే 43 డిగ్రీలు ఉన్న రోజున మూసిన కారు లోపల ఎంత ఉంటుందో రసాయనశాస్త్రం చెప్పేదానికి ఇంకొకరు గుర్తు చేయాలా? రాత్రి పెట్టె తెరిస్తే ప్రతి గ్లాసులో పైన నూనె చెమట పట్టినట్టు బొట్లుబొట్లుగా తేలి ఉంది, కొన్నింటిలో వత్తి పక్కకు ఒరిగింది. దూదితో నూనె అద్ది, వత్తులను నిలబెట్టి, రాత్రి ఒంటిగంట వరకు కూర్చుని అన్నిటికీ మూతలు పెట్టాను. ఎవరికీ చెప్పలేదు.

మరునాడు సత్యనారాయణ వ్రతం పూర్తయ్యాక, భోజనాలకు ముందు, మా ఆడపడుచు అందరూ చూసేలా గుమ్మం పక్కన బల్ల మీద ఒక గ్లాసు పెట్టి, “వదినా, నువ్వే వెలిగించు,” అంది. వెలిగించాను. పైన తేలిన నూనెతో వత్తి మొన తడిసి ఉంది కనుక మంట ముందు భగ్గున లేచింది. చుట్టూ ఉన్నవాళ్ళు ఒకడుగు వెనక్కి వేశారు. తరువాత చిన్నదవుతూ వచ్చింది. చిటికెన వేలి గోరంత అయింది, పెసరగింజంత అయింది. కరిగిన మైనం వత్తి చుట్టూ బావిలో నీరులా పైకి ఊరింది. నేను పక్కన నిలబడి ఒకావిడతో ఏదో మాట్లాడుతున్నానే గాని నా కళ్ళు ఆ మంట మీదే ఉన్నాయి. ఇరవై నిమిషాలు గడిచాయో లేదో చప్పున మునిగి, సన్నని పొగ ఒకటి లేచింది. అక్కడే ఆడుకుంటున్న ఏడేళ్ళ పిల్లవాడు ఇల్లంతా వినబడేలా, “దీపం ఆరిపోయింది!” అని అరిచాడు.

కొత్త ఇంట్లో, వ్రతం జరిగిన గంటలో. ఆ హాల్లో పడిన నిశ్శబ్దం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. మా ఆడపడుచు అత్తగారు పిల్లవాణ్ణి దగ్గరికి తీసుకుని, “తప్పు నాన్నా, ఆరిపోయిందనకూడదు, కొండెక్కిందనాలి,” అని మెల్లగా చెప్పారు. ఆ మెల్లదనమే నన్ను కోసింది. ఆ వెంటనే ఆవిడ ఇత్తడి కుందిలో నువ్వులనూనె పోసి, రెండు వత్తులు వేసి అదే బల్ల మీద పెట్టారు. అది సాయంత్రం వరకు నిక్కచ్చిగా వెలిగింది. బంధువుల్లో ఒకాయన విస్తరి ముందు కూర్చుని, “కెమిస్ట్రీ మేడమ్‌ గారి ప్రాక్టికల్స్ ఫెయిలయ్యాయే,” అని నవ్వాడు. ఆయనకు బదులు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. గిఫ్టులు పంచలేదు. మా ఆయన బీసెంట్ రోడ్డులో ఎప్పుడో కొని ఇంట్లో ఉంచిన స్టీలు గిన్నెలను డ్రైవరుతో తెప్పించి గండం గట్టెక్కించారు. 40 గ్లాసులూ ఎక్కిన డిక్కీలోనే తిరిగి ఎక్కాయి.

వారం రోజులు ఆ పెట్టెల వైపు చూడలేదు. మైనం నాసిరకమని నేను, ఎండ వల్ల అని మా ఆయన నిర్ణయానికి వచ్చాం. ఒక సాయంత్రం మా అత్తయ్యగారు దూది వత్తులు చేస్తూ, నా సణుగుడు విని, “ఆముదానికీ నువ్వులనూనెకూ ఒకే వత్తి సరిపోతుందటమ్మా? ఆముదం చిక్కన, సన్నవత్తి వేస్తే పైకి లాగలేదు,” అన్నారు. సన్నని సందుల గుండా ద్రవం తనంతట తానే పైకి ఎక్కడాన్ని కేశనాళికీయత అని బోర్డు మీద రాసి, పలుచని ద్రవం త్వరగా ఎక్కుతుందని, చిక్కనిది నెమ్మదిగా ఎక్కుతుందని ఏటా చెప్పే పాఠమే ఇది. వత్తి పైకి లాగిన మైనం మంట దగ్గర ఆవిరై, ఆ ఆవిరే మండుతుంది. వత్తి సరిగా లాగలేకపోతే మంట చిన్నదవుతుంది, చిన్న మంట కరిగినంత మైనాన్ని ఖర్చు చేయలేదు, మిగిలినది పైకి ఊరి వత్తిని ముంచేస్తుంది. సెంటు నూనె ఎక్కువైనకొద్దీ వత్తి పని కష్టమవుతుంది. గుణదల మేరీమాత తిరునాళ్ళలో వేల కొద్దీ అమ్ముడయ్యే మామూలు కొవ్వొత్తులు ఎందుకు మునగవో కూడా అప్పుడే అర్థమైంది: వాటిలో సెంటు లేదు, ఎక్కువైన మైనం పక్కకు కారిపోతుంది. గ్లాసులో కారిపోవడానికి చోటు లేదు. ఇదంతా మా అత్తయ్యగారి వల్లే తట్టిందని ఆవిడతో మాత్రం ఇంతవరకు అనలేదు.

ఇక ఆ తరువాత నేను చేసినది నిజమైన ప్రయోగం, ఈ విషయంలో నన్ను నేను మెచ్చుకోక తప్పదు. ఒకే కొలత గ్లాసులు అయిదు, లోపలి వెడల్పు ఏడున్నర సెంటీమీటర్లు. ఒకే మైనం, ఒకే తూకం, ఒకే వేడి, 8 శాతం నూనె. వత్తి ఒక్కటే వేరు, సన్నం నుంచి లావుకు వరుసగా అయిదు. ఈసారి వత్తులు లావు సంఖ్య వేసి అమ్మేవాళ్ళ దగ్గర, లోహపు తీగ లేనివి తెప్పించాను. పది రోజులు ఆగి, వత్తులను అర సెంటీమీటరుకు కత్తిరించి, ఒకేసారి వెలిగించి గంట గంటకూ స్కేలుతో కొలిచి నోట్‌బుక్‌లో రాశాను. అన్నిటికంటే సన్నవత్తి మూడు గంటలకు నాలుగు సెంటీమీటర్ల మేర మాత్రమే కరిగించి నడుమ గొయ్యి తవ్వింది. అన్నిటికంటే లావు వత్తి గంటలోనే అంచుకు చేరింది గాని, మంట పొడుగై, వత్తి కొనన పుట్టగొడుగులా బొగ్గు కట్టి, గ్లాసు మూతి నల్లబడి, చేత్తో పట్టుకోలేనంత కాలింది. నాలుగోది కుదిరింది. అదే నాలుగో వత్తిని 12 శాతం నూనె ఉన్న మైనంలో పెడితే, రెండో గంటకే మంట ముడుచుకుపోయింది. గుంటూరులో జరిగినదాన్ని నా వంటింట్లో నా అంతట నేను మళ్ళీ జరిపించాక గాని మనసు కుదుటపడలేదు.

ఇందులో ఇంకొక చిక్కు ఉంది. నాలుగో వత్తి కూడా మొదటి రోజు పొగ విడిచింది. కారణం సీలింగు ఫ్యాను. ఫ్యాను గాలికి మంట ఊగితే ఎంత మంచి వత్తైనా మసి కక్కుతుంది. మే నెలలో విజయవాడలో ఫ్యాను ఆపి కొవ్వొత్తి వెలిగించే మహానుభావులు ఎవరైనా ఉంటే వారికి నా నమస్కారం. నేను గ్లాసును పుస్తకాల అలమర మూలకు, ఫ్యాను గాలి తగలని చోటుకు మార్చాను. పుస్తకాలకూ మంటకూ మధ్య మూరెడు దూరం ఉంచాను.

అగరుబత్తీలకు వాడే సెంటు చవకగా వస్తుంది కదా అని కొనవద్దు. దానిని చాలా చోట్ల డీఈపీ అనే ద్రావణితో పలుచన చేసి అమ్ముతారు, కొవ్వొత్తిలో అది వాసన పెంచదు, మంటను మాత్రం పాడుచేస్తుంది. పన్నీరు పోసి చూసే ఆలోచన ఉన్నవాళ్ళు కూడా మానుకోండి. నీరు మైనంలో కలవదు, మంట చిటపటలాడుతుంది.

చివరికి ఆ 40 గ్లాసులు. పారేయడానికి మనసొప్పలేదు. అన్నిటినీ కరిగించి, వత్తులు తీసి వడగట్టి, సమానమైన తూకంలో వాసన లేని మైనం కలిపితే 12 శాతం కాస్తా 6 శాతమైంది. కలిపిన మైనంలో సగం సోయా, సగం 58 నుంచి 60 డిగ్రీలకు కరిగే రకం పారఫిన్, అంటే పెట్రోలియం నుంచి వచ్చే మైనం. మన ఎండకు నూనె చెమట పట్టకుండా ఆ పారఫిన్ కాస్త ఆపుతుంది. మైనం మారింది కనుక వత్తి పరీక్ష మళ్ళీ మొదటి నుంచి చేయవలసి వచ్చింది, ఈ మిశ్రమానికి నాలుగోది కాకుండా మూడో వత్తి కుదిరింది. మొత్తం 80 గ్లాసులయ్యాయి.

మా ఆడపడుచుకు ఫోను చేసి పంపుతానన్నాను. కొంచెంసేపు ఆగి, “ముందు నువ్వు ఒకటి చివరిదాకా వెలిగించు వదినా, అప్పుడు పంపు,” అంది. న్యాయమే. మూడేసి గంటల చొప్పున తొమ్మిది విడతల్లో 27 గంటలు వెలిగించాను, అడుగున సెంటీమీటరు మైనం ఉండగానే ఆపేశాను. అంతకంటే దిగితే గ్లాసు కాలి పగిలే ప్రమాదం ఉంది. నిన్న రాత్రిది తొమ్మిదో విడత. విడతవారీగా రాసిన కాగితాన్ని మడిచి, పెట్టెలో అన్నిటికంటే పైన పెట్టాను. బండి రేపు రాత్రి తొమ్మిది దాటాకే బయలుదేరుతుంది.