పాత 800కి బ్రేకుల పని: సాలూరు ఘాటీ దిగే ముందు

బండి మారుతి 800. ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. ఒడిశాలోని జయపురంలో చాన్నాళ్లు కదలకుండా ఉండిపోయింది. ఇంజిను పని అయింది, ఇప్పుడు బ్రేకులు. కోరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. అక్కణ్ణించి పొట్టంగి, సుంకి మీదుగా సాలూరు దాకా దిగుడే. ఈ పని అరకొరగా చేసి ఆ ఘాటీ దిగకూడదు.

ఏ భాగం పోయిందో చాలావరకు పెడల్ దగ్గరే తెలుస్తుంది. మెత్తగా దిగిపోయి, గబగబా రెండుమూడుసార్లు కొడితే పైకొచ్చిందంటే బ్రేక్ ఆయిల్ వెళ్లే లైనులో గాలి ఉంది, లేదా వెనక డ్రమ్ముకు లోపల రాసుకునే షూలు అరిగి దానికి దూరమయ్యాయి. కాలు అలాగే నొక్కి ఉంచితే మెల్లమెల్లగా కిందికి జారితే మాస్టర్ సిలిండర్ (పెడల్ నొక్కితే ఆయిల్‌ని చక్రాలకు తోసేది) లోపలి సీలు పోయినట్టు. బయట చుక్క కూడా కారదు కాబట్టి దీన్ని చాలామంది పట్టుకోలేరు. పెడల్ రాయిలా ఉండి బండి ఆగకపోతే, కాలి నొక్కుడుకి బలం కలిపే బూస్టర్‌ని చూడాలి. ఇంజిను ఆపి పెడల్‌ని నాలుగైదుసార్లు నొక్కి, కాలు తీయకుండా స్టార్ట్ చేయాలి. పెడల్ కొద్దిగా కిందికి దిగితే బూస్టర్ బాగున్నట్టే. అది ఇంజిను వాక్యూమ్‌తో పనిచేస్తుంది. పెట్రోలు మిగులుతుందని ఘాటీలో ఇంజిను ఆపేస్తే రెండుమూడు నొక్కుళ్లకే ఆ సాయం అయిపోతుంది.

ఈ బండిలో బూస్టర్ బాగుంది. పెడల్ మాత్రం మెత్తగా ఉంది, బ్రేక్ ఆయిల్ డబ్బాలో ఆయిల్ నల్లబడింది.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీలుస్తుంది. డాట్ 3 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. నీరు చేరాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కి ఇవే 230, 155. దిగుడులో డిస్కును పట్టే ప్యాడ్ల వేడి, వాటిని నొక్కే కాలిపర్‌కి ఎక్కి ఆయిల్ మరిగిందంటే లైనులో ఆవిరి పుడుతుంది. ఆయిల్ నొక్కుకుపోదు, ఆవిరి నొక్కుకుపోతుంది. పెడల్ నేలకు ఆనుతుంది, బండి ఆగదు. చల్లారాక అంతా మామూలే, మెకానిక్ దగ్గరికెళితే ఏమీ కనబడదు! అందుకే ఆయిల్ ఎంత ఉందన్నదే కాదు, ఎంత పాతదన్నదీ చూడాలి. రెండేళ్లకోసారి మార్చాల్సిందే. డాట్ 3 బండిలో డాట్ 4 పోయొచ్చు. డాట్ 5 సిలికాన్‌ది, దీంతో కలపకూడదు. ఇంజిన్ ఆయిల్ ఒక్క చుక్క పడినా రబ్బరు సీళ్లన్నీ ఉబ్బిపోతాయి.

వెనక ఎడమ డ్రమ్ము విప్పి, షూలను తోసే వీల్ సిలిండర్ రబ్బరు బూటు అంచు ఎత్తితే లోపల తడి. సిలిండర్ మార్చాం. ఆయిల్ తాగిన షూలను గరుకు కాగితంతో రుద్ది మళ్లీ వేయడం పనికిరాదు, వేడెక్కగానే నూనె పైకొస్తుంది. షూలు రెండువైపులా జతగానే మార్చాలి, లేకపోతే బండి ఒక పక్కకు లాగుతుంది. డ్రమ్ములోని పొడిని గాలి కొట్టి ఊదొద్దు. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, తడిపి తుడవాలి.

ముందు కుడి చక్రంలో లోపలి ప్యాడ్ బయటిదానికంటే బాగా అరిగింది. కాలిపర్ జారే పిన్ను బిగుసుకుపోతే ఇలాగే అవుతుంది. పిన్ను తీసి తుప్పు తుడిచి, బ్రేకులకని అమ్మే సిలికాన్ గ్రీజు పల్చగా రాశాం. బేరింగుల గ్రీజు రాస్తే బూట్లు పాడవుతాయి. ప్యాడ్ లైనింగు 3 మి.మీ.కి వస్తే మార్చేయాలి. ముందు రెండు చక్రాలకూ కొత్తవే వేశాం.

తర్వాత గాలి తీయడం. ఇద్దరు కావాలి, ఆయిల్ అర లీటరు చాలు. మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న వెనక ఎడమ చక్రంతో మొదలుపెట్టాం. చక్రం దగ్గర గాలి వదిలే నిపిల్‌కి రింగ్ స్పానర్ వేసి పారదర్శకమైన పైపు తగిలించాలి. రెండో కొసను సీసాలోని ఆయిల్‌లో ముంచాలి. ఒకరు పెడల్ నొక్కి పట్టుకుంటే ఇంకొకరు నిపిల్ పావు చుట్టు వదిలి, పెడల్ లేవకముందే బిగించాలి. పాత బండి కాబట్టి పెడల్ కింద చెక్కముక్క పెట్టాం. ఎప్పుడూ వాడని లోతుకి పిస్టన్ దిగితే అక్కడి తుప్పు సీళ్లను చీరేస్తుంది. డబ్బాలో ఆయిల్ కింది గీతకు దిగనివ్వకూడదు, దిగితే మళ్లీ మొదటికే. పెయింటు మీద పడితే వెంటనే నీళ్లతో కడగాలి.

పెడల్ ఇప్పుడు గట్టిగా ఉంది. కొత్త ప్యాడ్లు కుదురుకోవడానికి ఖాళీ రోడ్డు మీద 50 నుంచి 15 దాకా మెల్లగా వేగం తగ్గిస్తూ, మధ్యలో చల్లారనిస్తూ పదిసార్లు నడిపాం. సుంకి ఘాటీ రెండో గేరులోనే దిగాలి. దిగాక ఒక్కో చక్రం దగ్గర చెయ్యి పెట్టి, తాకకుండా వేడి చూడాలి. ముందువి ఎక్కువ వేడిగా ఉండడం మామూలే, కుడి ఎడమల మధ్య తేడా కనబడితే మళ్లీ ఆ కాలిపర్ విప్పాలి. ఘాటీ దిగకముందే ముందు చక్రాల రబ్బరు గొట్టాలు మార్చాలి, వంచితే సన్నటి పగుళ్లు కనబడుతున్నాయి. హ్యాండ్‌బ్రేక్ కేబుల్ ఆ తర్వాత.