“బాగానే చూశారు” అంటే ఏమిటి?

మా అమ్మకు 74 ఏళ్లు. బీపీ, షుగరు మందుల కోసం నెలకొకసారి ఆమెను మా ఊళ్లోని ప్రభుత్వాసుపత్రి ఓపీకి తీసుకువెళ్తాను. ఇంటికి రాగానే నాన్న “ఎలా చూశారు?” అని అడుగుతారు, ఆమె “బాగానే చూశారు” అంటుంది. ఓపీ చీటీకి గంట, డాక్టరు గది ముందు గంటన్నర, మందుల కౌంటరు దగ్గర ముప్పావు గంట గడిచిన రోజున కూడా ఆమె సమాధానం మారలేదు. ఆ రోజు డాక్టరు ఆమెతో మాట్లాడింది రెండు నిమిషాలు ఉంటుందేమో.

2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలోని 20వ సెక్షన్, ఆసుపత్రుల్లో వయోవృద్ధులకు వేరే వరుస ఉండేలా రాష్ట్ర ప్రభుత్వాలు చూడాలని చెబుతోంది. మా ఆసుపత్రిలో అందుకు తగ్గ బోర్డు ఉంది, బోర్డు కింద కిటికీ కూడా ఉంది, కాకపోతే ఆ కిటికీ తెరిచి ఉండగా నేను ఒక్కసారే చూశాను.

ఒకసారి ఫోను పట్టుకున్న ఉద్యోగి ఒకరు వరుసలో ఉన్నవాళ్లను “ఇక్కడి సేవలతో సంతృప్తిగా ఉన్నారా?” అని అడుగుతూ వచ్చారు. అమ్మ తడుముకోకుండా “చాలా బాగున్నాయి బాబూ” అంది. అదేమిటని తరువాత నేను అడిగితే, “వచ్చే నెల మళ్లీ వాళ్ల దగ్గరికే కదరా పోవాలి” అంది. అప్పటి నుంచి, ముసలివాళ్ల సంతృప్తి ఇంత శాతం అని ఎక్కడ చదివినా, ఆ ప్రశ్న ఎక్కడ అడిగారు, ఎవరు అడిగారు అన్న సందేహమే నాకు ముందు వస్తుంది.

వైద్యం నాణ్యతను వసతులు, వైద్యం జరిగే తీరు, ఫలితం అని మూడుగా విడదీసి చూడాలని వైద్య నాణ్యతను అధ్యయనం చేసిన వైద్యుడు అవేడిస్ డోనబేడియన్ 1966లో రాశారు. అమ్మ ఆ పేరు విని ఉండదు గాని, ఆమె తూకమంతా రెండోదాని మీదే. మొన్న చలికాలంలో కొత్తగా వచ్చిన ఒక డాక్టరమ్మ, కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయా అని అడిగి, చెప్పు విప్పించి, అరికాలి మీద అక్కడక్కడా వేలితో నొక్కి “ఇక్కడ తెలుస్తోందా అమ్మా?” అని చూసింది. ఆ రోజు కూడా మేము మూడు గంటలు కూర్చున్నాం, మందుల్లో ఒకటి బయట కొనుక్కున్నాం. అయినా ఆ అరికాలి సంగతి అమ్మ వారం రోజులు వీధంతా చెప్పుకుంది.

70 ఏళ్లు దాటిన వారందరికీ ఆదాయంతో పని లేకుండా ఏటా 5 లక్షల రూపాయల దాకా ఉచిత వైద్యమని కేంద్రం 2024 అక్టోబరులో ఆయుష్మాన్ భారత్‌ను విస్తరించినప్పుడు నేను ఎంతో ఉత్సాహంగా చదివి వినిపించాను. “అది పడకెక్కితేనే కదా” అంది అమ్మ. నిజమే, ఆసుపత్రిలో చేరితేనే ఆ పథకం; నెలనెలా అయ్యే ఆటో ఖర్చుకు, బయట కొనే బిళ్లలకు అది వర్తించదు.

పోయిన నెల వెళ్లేసరికి ఆ డాక్టరమ్మ బదిలీ అయిపోయింది. ఆమె కుర్చీలో ఉన్న కుర్రాడు పాత చీటీ చూసి అవే మందులు రాస్తున్నాడు. అమ్మ అప్పటికే, ఎవరూ అడగకుండానే, కుడికాలి చెప్పు విప్పి కూర్చుంది. అతను చీటీ నా చేతికిచ్చి తరువాతి పేరు పిలిచాక, మెల్లగా మళ్లీ తొడుక్కుంది.