కుడి పేజీ

మా బోటనీ మాస్టారి బల్ల సొరుగులో పొడవాటి రూళ్ల రిజిస్టరు ఒకటి ఉండేది. డిగ్రీలో చేరిన ప్రతి విద్యార్థికీ అందులో ఎదురెదురుగా రెండు పేజీలు. ఎడమ పేజీలో మార్కులు, హాజరు, మిగిలిపోయిన పేపర్లు. కుడి పేజీలో ఆ విద్యార్థి ఏం కావాలనుకుంటున్నాడు, ఇంట్లోవాళ్లు ఏమంటున్నారు, ఏ పాఠం దగ్గర ఎక్కువ ప్రశ్నలు అడుగుతున్నాడు. తేదీ వేసి ఒకటో రెండో వాక్యాలు, అంతే. అప్పట్లో డిగ్రీ అంటే మూడేళ్లు, మూడు గ్రూపు సబ్జెక్టులు, ఏడాది చివర పరీక్షలు. విద్యార్థి ఎంచుకోవలసింది పెద్దగా ఉండేది కాదు. అయినా ఆయన ఎవరి కుడి పేజీనీ ఖాళీగా వదిలిపెట్టలేదు.

ఇప్పుడు నాలుగేళ్ల ఆనర్స్ వచ్చింది. మేజరు (ప్రధాన సబ్జెక్టు), మైనరు (దానికి తోడు సబ్జెక్టు), ఇంటర్న్‌షిప్, ఆన్‌లైన్ కోర్సు, పరిశోధన ప్రాజెక్టు అంటూ అడుగడుగునా ఎంపికే, ప్రతి ఎంపికకూ ఒక గడువే. కాలేజీల్లో మెంటర్ రిజిస్టర్లు ఉంటున్నాయి గానీ చాలాచోట్ల వాటిలో నిండేది ఎడమ పేజీయే. ఈ సంచిక చదివేవాళ్లలో డిగ్రీ కాలేజీల్లో పాఠాలు చెప్పేవాళ్లున్నారు, డిగ్రీ చదివే పిల్లల తల్లిదండ్రులున్నారు. ఆనర్స్ విద్యార్థి కుడి పేజీలో ఎప్పుడు ఏం రాయాలో వాళ్ల కోసం చెబుతున్నాను.

ముందు లెక్క తేల్చుకుందాం. యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2022 డిసెంబరులో ఇచ్చిన చట్రం ప్రకారం మూడేళ్ల డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్స్‌కు 160. ఆ 160లో మేజరుకు 80, మైనరుకు 32. మిగిలినవి భాషలు, నైపుణ్య కోర్సులు, ఇతర విభాగాల కోర్సులు, ఇంటర్న్‌షిప్, చివరి ఏడాది పనికి పోతాయి. ఒక క్రెడిట్ అంటే సెమిస్టరులో 15 గంటల పాఠం, లేదా 30 గంటల ల్యాబ్ లేదా క్షేత్ర పని. ఇవి కనీస లెక్కలు. యూనివర్సిటీలు వీటిమీద తమ నిబంధనలు రాసుకుంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2023–24లో సింగిల్ మేజర్ పద్ధతి, అంటే మూడు గ్రూపు సబ్జెక్టులకు బదులు ఒకే ప్రధాన సబ్జెక్టు, మొదలైంది. కాబట్టి సలహా చెప్పేవాళ్ల దగ్గర ఆ బ్యాచ్ రెగ్యులేషన్ కాపీ ఉండి తీరాలి. సీనియర్ బ్యాచ్‌కు చెప్పిన మాటే జూనియర్‌కు చెప్పడం వల్ల జరిగే నష్టం అంతా ఇంతా కాదు.

విద్యార్థులు ఎక్కువగా పొరబడేది డిగ్రీ పేరు దగ్గర. నాలుగో ఏడు చదివినవాళ్లందరికీ 'ఆనర్స్ విత్ రీసెర్చ్' రాదు. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం, ఆపైన తెచ్చుకున్నవాళ్లే ఆ దారి ఎంచుకోవచ్చు. వాళ్లు 12 క్రెడిట్ల పరిశోధన ప్రాజెక్టు చేస్తారు. మిగతావాళ్లు ఆ 12 క్రెడిట్లకు బదులు మూడు కోర్సులు చదివి ఆనర్స్ పట్టా తీసుకుంటారు. రెండూ గౌరవమైనవే. కానీ తేడా తెలిసేది ఆరో సెమిస్టరు ఫలితాల రోజునైతే ఇక చేయగలిగింది ఏమీ ఉండదు.

నాలుగో సెమిస్టరు మార్కులు రాగానే ప్రతి విద్యార్థితో ఒక చిన్న లెక్క చేయించాలి. సెమిస్టర్లన్నిటికీ క్రెడిట్లు సమానం అనుకుందాం. నాలుగు సెమిస్టర్ల సగటు 72 ఉన్న అమ్మాయికి 75 అందాలంటే చివరి రెండింటిలో సగటున 81 రావాలి. కష్టమే గానీ కుదిరే పని. 68 ఉన్న అబ్బాయికి 89 కావాలి. ఆ అబ్బాయికి ఆశ పెట్టడం కన్నా మూడు కోర్సుల దారిలో మంచి కోర్సులు వెతికిపెట్టడం మేలు. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. సీజీపీఏను, అంటే పదికి లెక్కేసే గ్రేడు సగటును, శాతంగా మార్చే సూత్రం అన్నిచోట్లా ఒకటి కాదు. కొన్ని యూనివర్సిటీలు నేరుగా 10తో హెచ్చిస్తాయి, కొన్ని ముందు 0.5నో 0.75నో తీసేసి హెచ్చిస్తాయి. 7.6 వచ్చిందని నిశ్చింతగా ఉన్న విద్యార్థి రెండో రకం సూత్రంలో 75 కిందికి జారిపోతాడు. తమ యూనివర్సిటీ సూత్రం ఏదో మార్కుల మెమో వెనక వైపు చూసో, పరీక్షల విభాగంలో అడిగో కుడి పేజీలో రాసిపెట్టాలి.

మొదటి సెమిస్టరులో జరగవలసిన పని చిన్నది, విసుగు పుట్టించేది, అయినా అన్నిటికన్నా ముఖ్యమైనది. అదే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఖాతా. డిజీలాకర్ ద్వారా తెరిస్తే 12 అంకెల ఐడీ వస్తుంది. సంపాదించిన క్రెడిట్లు అందులో జమవుతాయి. మధ్యలో చదువు ఆపినా, కాలేజీ మారినా అవే ఆధారం. తేడా వచ్చేది పేరు దగ్గర. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క పొడి అక్షరమే ఉంటుంది. మెమోలో ఒక స్పెల్లింగు, ఆధార్‌లో మరొకటి. రెండూ కలవకపోతే జమ ఆగిపోతుంది. మెమోలో పేరు మార్చడం పెద్ద తతంగం కాబట్టి మెమో ప్రకారం ఆధార్‌నే సరిచేయించాలి. చేరిన మొదటి నెలలోనే క్లాసులో అందరి చేతా రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టించి చూస్తే గంటలో తేలిపోతుంది. మూడో ఏట మొదలుపెడితే విద్యార్థి మీసేవకూ పరీక్షల విభాగానికీ నెలల తరబడి తిరగాలి.

మైనరు ఎంపికలో స్నేహితుల ప్రభావం ఎక్కువ. కంప్యూటర్లు తీసుకుంటే ఉద్యోగం వస్తుందని క్లాసంతా ఒకవైపు వెళ్లిపోతుంది. సలహాదారు అడగవలసింది ఒక్కటే: డిగ్రీ తర్వాత ఏ గుమ్మం ముందు నిలబడాలనుకుంటున్నావు? బోటనీ మేజరు విద్యార్థికి బయాలజీ టీచరు కావాలని ఉంటే జువాలజీ మైనరే దగ్గరి దారి. ఎమ్మెస్సీలో బయోకెమిస్ట్రీ వైపు పోవాలనుకుంటే కెమిస్ట్రీ లేకుండా అడుగు ముందుకు పడదు. పాత డీఎస్సీ నోటిఫికేషన్లో, పీజీ ప్రవేశ నోటిఫికేషన్లో అర్హతల పేజీని ప్రింటు తీసి విద్యార్థి చేతిలో పెట్టి చదివించాలి. సలహాదారు నోటి మాట కన్నా ఆ పేజీ బలంగా పనిచేస్తుంది.

ఆన్‌లైన్ కోర్సుల విషయంలో ఐఐటీలు నడిపే ఎన్‌పీటీఈఎల్ గురించి రెండు మాటలు. 12 వారాల కోర్సుకు సాధారణంగా 3 క్రెడిట్లు, 8 వారాలదానికి 2. అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75. సర్టిఫికెట్ రావాలంటే అసైన్‌మెంట్లలో 25కి కనీసం 10, పరీక్షలో 75కి కనీసం 30 విడివిడిగా రావాలి. కోర్సులో చేరడం వేరు, పరీక్షకు ఫీజు కట్టి నమోదు కావడం వేరు. పిల్లలు ఎక్కువగా మరిచిపోయేది ఈ రెండోదాన్నే. వారం వారం పాఠాలు విని, అసైన్‌మెంట్లు అన్నీ పెట్టి, పరీక్ష నమోదు గడువు దాటేస్తారు. కోర్సు మొదలయ్యే ముందే ఆ కోర్సు క్రెడిట్లను విభాగం ఒప్పుకుంటుందని రాతపూర్వకంగా తీసుకోవాలి.

ఇక పరిశోధన ప్రాజెక్టు. విషయం ఎంచుకోవడం కన్నా ముందు చూడవలసింది ఆ విభాగానికి అర్హత ఉందా అని. పీహెచ్‌డీ పర్యవేక్షకులుగా గుర్తింపు ఉన్న శాశ్వత అధ్యాపకులు కనీసం ఇద్దరు ఉండాలని నిబంధన. చిన్న ఊళ్ల కాలేజీల్లో ఇది తేలికగా కుదరదు. లేకపోతే, పరిశోధన దారే కావాలంటే, నాలుగో ఏడు ఇంకో కాలేజీలో చదవాలి. అంటే హాస్టలు, ఖర్చు, ఇంట్లో ఒప్పించడం. ఇవన్నీ నాలుగో సెమిస్టరులోనే మాట్లాడుకోవలసిన సంగతులు.

12 క్రెడిట్లను క్షేత్ర పని లెక్కన చూస్తే 360 గంటలు. 15 వారాల సెమిస్టరులో అయితే వారానికి 24 గంటలు. ఈ అంకె చెప్పగానే 'మా జిల్లాలోని ఔషధ మొక్కలు' వంటి శీర్షికలు వాటంతటవే చిన్నవైపోతాయి. చేయదగిన విషయం ఇలా ఉండాలి: ఒక ఊళ్లో మూడు వరి చేల గట్లమీద ఖరీఫ్‌లో పెరిగే కలుపు మొక్కలు. ఒక్కో చేలో 10 చోట్ల, నాట్లు వేసిన నెలకు ఒకసారి, కోతల ముందు ఒకసారి. మొత్తం 60 నమూనాలు. ఒక్కోదానికి అరగంట వేసుకున్నా 30 గంటల్లో పొలం పని అయిపోతుంది. మిగతా 330 గంటలు ఎక్కడికి పోతాయో చేసినవాళ్లకే తెలుసు. తుంగలనూ గడ్డి జాతులనూ గుర్తించడమే అందులో చాలా భాగం తినేస్తుంది. గుంటగలగర, నేల ఉసిరి చూడగానే తెలుస్తాయి. ఊద జాతులను విడదీయాలంటే కంకిని భూతద్దం కింద పెట్టాలి.

ఈ పనిలో తప్పులు ముందే తెలిసినవే. పుస్తకంలో మీటరు చదరం అని ఉందని లోపలి మొక్కలను లెక్కపెట్టడానికి నేలమీద పరిచే మీటరు చట్రం పట్టుకెళ్తారు. గట్టు వెడల్పు చాలాచోట్ల మీటరు కూడా ఉండదు, చట్రం సగం నీళ్లలో పడుతుంది. గట్లకు అరమీటరు చట్రమే సరి, నాలుగు పీవీసీ పైపు ముక్కలతో అయిపోతుంది. రెండోది, రైతును అడక్కపోవడం. గట్లు ఎప్పుడు చెక్కుతారో, కలుపు మందు ఎప్పుడు కొడతారో ముందే తెలుసుకోకపోతే వెళ్లేసరికి గట్టు బోడిగా ఉంటుంది. మూడోది, పువ్వు లేని కొమ్మ తేవడం. పువ్వో కాయో లేకుండా తెచ్చిన నమూనాతో జాతిని తేల్చడం చాలాసార్లు అసాధ్యం. పూల రంగు ఎండితే పోతుంది కాబట్టి పొలంలోనే రాసుకోవాలి. వానాకాలంలో, మొక్కలను ఒత్తి ఎండబెట్టే ప్రెస్‌లోని పేపర్లు మొదటి మూడు నాలుగు రోజులు రోజుకు రెండుసార్లు మార్చకపోతే బూజు పడుతుంది.

అన్నిటికన్నా పెద్ద తప్పు కాలం తప్పడం. ప్రాజెక్టు ఎనిమిదో సెమిస్టరుదే కదా అని అప్పటికి మొదలుపెడితే ఖరీఫ్ పంట ఇంటికి చేరి ఉంటుంది. సేకరణ ఏడో సెమిస్టరులో, జూలై నుంచి నవంబరు లోపు జరగాలి. ఎనిమిదోది గుర్తింపుకు, లెక్కలకు, రాతకు. మొక్కల విషయంలోనే కాదు, పండుగలమీద, వలసలమీద, చేపలమీద పనిచేసే విద్యార్థికీ ఇదే వర్తిస్తుంది. మీ విషయం ఏ నెలలో కనిపిస్తుందో అడగండి, సెమిస్టరు పట్టిక తర్వాత చూడండి.

గైడు ప్రతి వారం అరగంట ఇవ్వాలి. విద్యార్థి ఒక పేజీ పట్టుకురావాలి: ఈ వారం చేసింది, ఆగిపోయింది, వచ్చే వారం చేయబోయేది. రెండు వారాలు వరసగా పేజీ రాకపోతే విద్యార్థి ఎక్కడో చిక్కుకున్నాడని అర్థం. మందలించకుండా పిలిచి అడగాలి. చాలాసార్లు కారణం చదువు కాదు.

అందుకే మాట్లాడే చోటు గురించి కూడా చెప్పాలి. స్టాఫ్ రూములో నలుగురి ముందు 'ఏం చేద్దామనుకుంటున్నావమ్మా' అంటే 'మీరు ఎలా చెబితే అలా సార్' అనే జవాబే వస్తుంది. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారని, నాన్న అప్పులో ఉన్నాడని, రాత్రిపూట డెలివరీకి వెళ్తున్నానని ఎవరూ అక్కడ చెప్పరు. వరండా చివర, ల్యాబ్ అయ్యాక బీకర్లు కడుగుతున్నప్పుడు, తలుపు తెరిచి ఉన్న గదిలో మాట్లాడాలి. నాలుగో ఏడు ఎందుకని తండ్రి అడిగితే చెప్పడానికి సమాధానాలు చేతిలో ఉండాలి. నాలుగేళ్ల ఆనర్స్ తర్వాత పీజీ ఒక్క ఏడాదిలో పూర్తిచేసే వీలుంది. నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం ఉంటే నేరుగా పీహెచ్‌డీ ప్రవేశానికి అర్హత ఉంది, రిజర్వుడు వర్గాలకు 5 శాతం సడలింపు ఉంది. ఇంటర్‌తో కలిపి 15 ఏళ్ల చదువు దగ్గర ఆగిపోయిన మన పిల్లలకు అమెరికాలో 16 ఏళ్లు అడిగే యూనివర్సిటీల దగ్గర వచ్చిన చిక్కు ఈ నాలుగో ఏడుతో తీరుతుంది. అదే సమయంలో ఫీజు రీయింబర్స్‌మెంటు నాలుగో ఏడుకు వర్తిస్తుందో లేదో ఆఫీసులో కనుక్కుని ఉన్నదున్నట్టు చెప్పాలి. ఇంటికి సంపాదన కావాలంటే 120 క్రెడిట్లతో మూడేళ్లకు డిగ్రీ పట్టా తీసుకుని వెళ్లడం ఓటమి కాదు. ఆ మాట సలహాదారు నోటినుంచే రావాలి.

ఈ సంచిక చదివే మనలో వ్యవసాయ శాఖలో, ఆసుపత్రుల్లో, ప్రయోగశాలల్లో, నర్సరీల్లో, ఐటీలో ఉన్నవాళ్లు చాలామంది. విద్యార్థులకు ఇంటర్న్‌షిప్ స్థలాలు కావాలి. ఎక్కడ, ఏ నెలల్లో, ఎంతమందిని, రోజుకు ఎన్ని గంటలు, బస ఉందా లేదా అనే అయిదు వివరాలు ఒక కాగితం మీద రాసి కాలేజీలో సంబంధిత విభాగానికి పంపండి. వేసవి సెలవులకు మూడు నెలల ముందు అందితే ఆ కాగితాన్ని తగిన విద్యార్థి కుడి పేజీకి అంటించవచ్చు.