సీసం కాస్తే పోదు

కావలిలో మా అమ్మ ఇప్పటికీ నీళ్లు కాచే తాగుద్ది. క్రిములు చస్తాయి నిజమే గానీ సీసం పోదు మా, నీళ్లు ఆవిరయ్యేకొద్దీ ఇంకా చిక్కబడుద్ది అంటే కాసేపు నా మొహమే చూసింది.

అమెరికాలో లాగా మనకి సీసం పైపులు లేకపోయినా పాత పీవీసీ పైపుల్లో ప్లాస్టిక్ పాడవకుండా సీసం ఉన్న పదార్థాలు (స్టెబిలైజర్లు) కలిపేవాళ్లు, ఇత్తడి కుళాయిల్లోనూ కొంచెం ఉండొచ్చు, రాత్రంతా పైపులో నిలబడ్డ నీళ్లలోకి అది దిగుద్ది, రంగూ రుచీ ఏం తెలీదు. లీటరుకి 0.01 మిల్లీగ్రాము దాటకూడదని బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) లెక్క. చిన్నపిల్లల మెదడు మీద దెబ్బ కొడుద్ది, నాకు భయమంతా అక్కడే, సెలవలకి మనవళ్లు తాగేది ఆ నీళ్లే కదా.

పొద్దున్నే మొదట వచ్చే నీళ్లు బకెట్లో పట్టి బాత్రూముకి వాడు, తాగడానికీ వంటకీ ఆ తర్వాత పట్టుకో, గీజర్ నీళ్లు వంటకి అసలొద్దు అని అమ్మకి చెప్పి వచ్చా. పాత పైపు మార్చడానికి ప్లంబర్ ఆదివారం వస్తానన్నాడు.