జూన్‌లోనే పుట్టిన పిల్లలు

“ఉప్పెన వచ్చేటప్పటికి వీడింకా నా కడుపులోనే ఉన్నాడు నాయనా, జూన్‌లో ఎలా పుడతాడు?” అని ఆ పెద్దావిడ నిలదీసేసరికి నేను మళ్లీ మా బడి అడ్మిషన్ రిజిస్టరు చూశాను. ఆమె కొడుకు పుట్టినతేదీ 10-06-1977 అనే ఉంది. దివిసీమను ఉప్పెన ముంచెత్తినది 1977 నవంబరు 19న.

ఆ పేజీలో దాదాపు అందరూ జూన్‌లో పుట్టినవారే. ఇళ్లలో తేదీలు రాసిపెట్టుకునే అలవాటు లేని ఆ రోజుల్లో, బడి తెరిచే నాటికి ఐదేళ్లు నిండినట్లు చూపి పిల్లవాణ్ణి వెనక్కి పంపకుండా చేర్చుకోవడానికి నాటి ప్రధానోపాధ్యాయులు ఎంచుకున్న దారి అది. వారిని తప్పుపట్టాలని నాకు అనిపించలేదు. (చేతిరాత మాత్రం ముత్యాల్లా ఉంది.)

రిజిస్టరులో ఉన్నదే రాసి ఇవ్వాలి కనుక అదే తేదీతో ధ్రువపత్రం ఇచ్చాను. “పోనీలే, పింఛను ఆర్నెల్లు ముందొస్తుంది” అని ఆమె నవ్వేసింది.

2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేరడానికి జనన ధ్రువపత్రమే ఆధారమని సవరించిన జనన మరణాల నమోదు చట్టం చెబుతోంది. రికార్డుల పరంగా అది మేలే. అయితే వయసు రుజువు లేదన్న కారణంతో ఏ బిడ్డకూ ప్రవేశం నిరాకరించరాదన్న విద్యాహక్కు చట్టం 14వ సెక్షనును కూడా మేము మరువకూడదు. ఇటుక బట్టీల పనికి వలస వచ్చిన కుటుంబాల పిల్లలు నేటికీ ఏ కాగితమూ లేకుండానే మా గుమ్మం ఎక్కుతున్నారు.