హిందీ తరగతి నుంచి రుయా ఆసుపత్రి దాకా

తిరుపతిలో చదువుకున్నవారికి ముక్కూమొహం తెలియని మనుషులు ఎదురుపడటం వింత కాదు. రైలు దిగి, బస్సు దిగి, అలిపిరికి దారేదని అడిగే యాత్రికులకు చెయ్యి చాపి చూపిస్తూనే మనం పెద్దవాళ్లమయ్యాము. దేవస్థానం వారు 1945లో నెలకొల్పిన మన శ్రీ వేంకటేశ్వర ఆర్ట్స్ కళాశాల విద్యార్థులకైతే అది దినచర్యలో భాగం. అయితే అలా ఎదురైన మనిషిని స్వామే నా దారిలో నిలబెట్టాడన్న నమ్మకం నాకు కలిగింది మాత్రం బి.ఎ. చదివే రోజుల్లో, నేను కోరుకోని హిందీ చదువు మూలంగా.

1980ల మొదట్లో నేను కళాశాలలో చేరినప్పుడు ద్వితీయ భాషగా తెలుగు తీసుకోవాలనుకున్నాను. ఆ సీట్లు నిండిపోయాయని నన్ను హిందీ తరగతిలో వేశారు. ఆ మాస్టారు తరగతి గదిలో హిందీ తప్ప మరో మాట పలకనిచ్చేవారు కారు. పరీక్షలో మార్కులు వచ్చినా, నోట మాట రాకపోతే ఆ చదువు ఎవరికీ అక్కరకు రాదని ఆయన గట్టి అభిప్రాయం.

ఒక వేసవి సాయంత్రం ఊరికి వెళ్దామని బస్టాండుకు వెళ్తే పీలేరు బస్సు కిటకిటలాడుతూ కాలు పెట్టే చోటు లేకుండా ఉంది. ఎలాగూ ప్రయాణం ఆగింది కదా అని గోవిందరాజస్వామి దర్శనం చేసుకుని హాస్టలుకు తిరిగి వస్తుంటే, రైల్వే స్టేషను ఎదుటి సత్రం మెట్ల మీద ఒక వృద్ధురాలు స్పృహ తప్పి పడి ఉంది. ఒళ్లంతా చెమట. పక్కన ఆమె భర్త చుట్టూ చేరినవారికి చేతులు జోడించి ఏదో చెబుతున్నాడు. ఎవరికీ అర్థం కావడం లేదు. కొందరు వడదెబ్బ అన్నారు, కొందరు కొండ దిగిన అలసట అన్నారు. అందరూ దయతోనే ఉన్నారు, నీళ్లు చల్లుతున్నారు, విసురుతున్నారు. ఆ పెద్దాయనది నాందేడ్ వైపు పల్లె. మరాఠీ కలిసిన హిందీలో ఆయన పదే పదే చెబుతున్నది ఒక్కటే విషయం: ఆమెకు చక్కెర వ్యాధి ఉంది, పొద్దున మాత్ర వేసుకుంది, దర్శనం అయ్యేదాకా ఏమీ తిననని ఉపవాసం పట్టింది.

జట్కాలో రుయా ఆసుపత్రికి తీసుకువెళ్లి, ఆయన మాటలను ఉన్నవి ఉన్నట్టు డ్యూటీ డాక్టరు గారికి తెలుగులో చెప్పాను. మాత్ర వేసుకుని కడుపు మాడ్చుకుంటే రక్తంలో చక్కెర పడిపోతుందని, ఆలస్యమైతే మెదడు దెబ్బతింటుందని, ప్రాణం కూడా పోవచ్చని డాక్టరు గారు తరువాత నాకు వివరించారు. నరంలోకి గ్లూకోజు ఎక్కించిన కొద్ది నిమిషాలకే ఆ తల్లి కళ్లు తెరిచి, నన్ను చూసి, "కౌన్ హో బేటా?" అని అడిగింది. మాత్ర ప్రభావం ఒంట్లో ఉన్నంతసేపూ చక్కెర మళ్లీ పడిపోయే ప్రమాదం ఉంటుంది కనుక ఆ రాత్రి వార్డులోనే ఉంచారు. నేనూ అక్కడే ఉన్నాను.

మర్నాడు డాక్టరు గారు, "బాబూ, భాష తెలియక ఇబ్బంది పడే యాత్రికులు మాకు చాలామంది వస్తారు. సాయంత్రాలు ఒకసారి వచ్చి పోతావా?" అన్నారు. ఈ మాట హాస్టలులో చెప్పగానే నగరి, పుత్తూరు వైపు మిత్రులు తమిళానికి మేమున్నామన్నారు, కుప్పం మిత్రుడు కన్నడానికి తానున్నానన్నాడు. ఇంట్లో అమ్మతో మాట్లాడే భాష, సరిహద్దు పల్లెలో పుట్టినందుకు అబ్బిన భాష, రోగి మంచం పక్కన ఇంత విలువైనదవుతుందని మాలో ఎవరమూ అంతకుముందు ఎరగము. చదువులు ముగిసేదాకా ఆ సాయంత్రాలు కొనసాగాయి. ఆ దంపతులను నేను మళ్లీ చూడలేదు.

తిరుమల నంబి కథ మనందరమూ విన్నదే. అభిషేకానికి పాపవినాశనం నుంచి నీళ్లు మోసుకొస్తున్న ఆయనను వేటగాడి రూపంలో ఒక యువకుడు "తాతా, దాహం" అని అడిగాడు. స్వామి సేవకు తెచ్చినవి ఇవ్వలేనని నంబి ముందుకు సాగితే, ఆ యువకుడు కుండకు బాణంతో చిల్లు చేసి నీళ్లు తాగి, తరువాత కొండకు బాణం వేసి ఆకాశగంగను రప్పించాడు. నీళ్లు ఎవరి కోసం మోస్తున్నాడో, అడిగినవాడు ఆయనే. ఏటా ఆళ్వారుల పాశురాలు పారాయణం చేసే అధ్యయనోత్సవాల తరువాత తిరుమలలో జరిగే తన్నీరముదు ఉత్సవం ఆ ఘట్టాన్నే గుర్తు చేస్తుంది. ఆ కథ విన్నప్పుడల్లా నాకు సత్రం మెట్లు కళ్ల ముందు మెదులుతాయి.

ఇదంతా కాకతాళీయమని అనే మిత్రులున్నారు, వారి మీద నాకు గౌరవమూ ఉంది. నాకు పాఠం నేర్పడానికి స్వామి ఒక ముసలి తల్లిని కష్టపెట్టాడని నేనూ అనను; అలా అనుకోవడం ఆమెకూ స్వామికీ అపచారమే. అయితే కష్టంలో ఉన్న మనిషినీ, ఆ కష్టానికి పనికొచ్చే మనిషినీ ఒకే వీధిలోకి నడిపించేవాడు ఒకడున్నాడని నమ్ముతాను. సీటు దొరకనప్పుడు, బస్సు దొరకనప్పుడు నేను పడ్డ చిరాకు ఆయన లెక్కలోకి రాలేదు.

మా రోజుల్లో ఒడియా, బెంగాలీ మాట్లాడే రోగులు వచ్చినప్పుడు సైగలు తప్ప మాకు గత్యంతరం ఉండేది కాదు. నేటి విద్యార్థులతో కలిసి ఆ సాయంత్రాలను తిరిగి మొదలుపెట్టాలని నా కోరిక. మన పూర్వ విద్యార్థుల సమావేశం నాటి ఉదయం రుయా సూపరింటెండెంటు గారిని కలిసి అనుమతి అడగదలిచాను. ఏ భాష వచ్చినవారైనా, ముఖ్యంగా ఉద్యోగరీత్యా భువనేశ్వర్‌లోనో కోల్‌కతాలోనో కొంతకాలం గడిపి వచ్చినవారు, నాతో రావలసిందిగా ప్రార్థిస్తున్నాను.